పొట్లాల డిక్షనరీ

మా మనవరాలు పొద్దున లేచినప్పటి నుంచి ఫోనుతో ఒకటే గొణుగుడు. ఏదో పరీక్ష ఉందట, దానికి ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలు రావాలట. తెర మీద ఒక మాట పడుతుంది, వేలితో తోస్తే దాని అర్థం వస్తుంది, ఇంకోసారి తోస్తే రెండూ మాయం. పళ్లు తోముకుంటూ తోస్తుంది, ఉప్మా తింటూ తోస్తుంది. నిన్న సాయంత్రం నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన చేరి "లాసిట్యూడ్" అని పైకి చదివింది. అర్థం తెర మీదికి రాకముందే నా నోటి నుంచి వచ్చేసింది. ఒళ్లు అలిసి, దానితోపాటు మనసూ అలిసి, ఏ పనికీ చెయ్యి లేవని స్థితి అన్నాను. పిల్ల ఫోనునూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అమ్మమ్మా, నీకెట్ల తెలుసు? నువ్వు డిగ్రీ గూడ చదవలేదు గద!"

చూశారా దీని పొగరు! డిగ్రీ లేనివాళ్ల నోట ఇంగ్లీషు మాట పలకకూడదని ఎక్కడైనా రాసి ఉందా? నెత్తిన ఒక్కటి మొట్టుదామనుకున్నాను. కానీ అప్పటికే నా ముక్కుకు తడిసిన తునికాకు వాసన వచ్చింది. కామారెడ్డిలో మేముండే ఇంటి చుట్టుపక్కల ఎవరూ బీడీలు చుట్టరు. ఆ వాసన వచ్చే దారే లేదు. అయినా వచ్చింది. దాని వెనకే మిరపపొడి ఘాటు, పాత కాగితం వాసన, ఎండకు కాగిన అరుగు మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరి, అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను.

అప్పుడు మేం ఎల్లారెడ్డిలో, తాత ఇంట్లో ఉండేవాళ్లం. మా నాన్న బొంబాయి దిక్కు మిల్లు పనికని పోయి మళ్లీ ముఖం చూపలేదు. అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇంట్లో తాత, అవ్వ, అమ్మ, చిన్నమ్మ, నేను. తాతకు ఊరవతల కాస్త చెలక ఉండేది. వానలు పడితే అందులో మక్కజొన్న, పడకపోతే మందిపొలాల్లో కూలి. ఆ ఏడు, దాని ముందటేడు కూడా వానలు మొండిచేయి చూపించాయి. ఇల్లు గడిచేదంతా ఆడవాళ్ల బీడీల మీదే.

బీడీ పని చూడనివాళ్లకు చెప్పాలి. పొద్దున్నే తునికాకును నీళ్లలో నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి పెట్టేవాళ్లు. మధ్యాహ్నానికి ఆకు మెత్తబడేది. చుట్టుపక్కల ఇండ్ల ఆడవాళ్లంతా మా అరుగు మీద చేరి, ఒడిలో చాట పెట్టుకుని, కత్తెరతో ఆకు కోసి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి పడేసేవాళ్లు. చేతులు వాటంతట అవే ఆడుతుండేవి. నోళ్లు మాత్రం ఊరి మీదికి పోయేవి. ఎవరి కోడలు ఎవరిని ఏమంది, ఏ ఇంట్లో కూర మాడింది, అన్నీ ఆ అరుగు మీద తేలేవి. నేను ఆ చాటల మధ్య పడుకుని వింటూ వింటూ నిద్రపోయేదాన్ని. లేచేసరికి నా జుట్టు నిండా తంబాకు పొడి, ఒకటే తుమ్ములు.

చుట్టే అందరికీ కార్డు ఉండేది కాదు. కంపెనీ మనిషిని అని కార్డు ఇస్తే పని ఖాయం, పీఎఫ్ జమవుతుంది. పెళ్లి సంబంధానికి వచ్చినవాళ్లు కూడా పిల్ల వంక చూడకముందే "కార్డున్నదా?" అని అడిగేవాళ్లు. మా ఇంట్లో అవ్వకు ఒక్కదానికే ఉండేది. అమ్మా చిన్నమ్మా ఆ కార్డు మీదే చుట్టేవాళ్లు. ఆ ఎండాకాలం టేకేదారు, అంటే ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు లెక్కజూసుకునే కంపెనీ మనిషి, మా ఇంటికి ఇంకో కార్డు ఇస్తానన్నాడు. తాత చిన్నమ్మ పేరు చెప్పాడు.

చిన్నమ్మకు కార్డు వద్దు. కార్డు తీసుకుంటే రోజూ బీడీలు అప్పజెప్పాలి, ఊరు కదలడానికి లేదు. ఆమెకు నర్సు కావాలని ఉండేది. కామారెడ్డిలో ఒక మిషన్ దవాఖాన వాళ్లు పదో తరగతి పాసైన ఆడపిల్లలను తీసుకుని, అన్నం పెట్టి, పని నేర్పేవాళ్లు. అక్కడి డాక్టరమ్మ కేరళ నుంచి వచ్చినావిడ. ఇంగ్లీషులో నాలుగు మాటలు అడిగి, జవాబు చెప్పినవాళ్లను ఉంచుకునేది. ముందటేడు చిన్నమ్మ పోయింది. డాక్టరమ్మ ఏదో అడగ్గానే నాలుక అంగిట్లో అతుక్కుపోయిందట. ఒక్క ముక్క మాట్లాడకుండా తిరిగొచ్చి, కొట్టం వెనక పెంటకుప్ప దగ్గర కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చింది.

"ఇంకొక్కపారి పో. గంతే," అన్నాడు తాత ఆ వేసవిలో. "గిది గూడ గాకుంటే కార్డు తీస్కో. పెద్దదాని సంసారం ఎట్లైందో సూస్తనే ఉన్నం. నీకన్న ఒక ఆధారం ఉండాలె బిడ్డా."

తాతను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆయన భయం ఆయనది. టేకేదారును మృగశిర దాకా ఆగమన్నాడు. ఆలోగా చిన్నమ్మ నోరు ఇంగ్లీషు పలకాలి. లేకపోతే కార్డు ఆమె పేరున పడుతుంది, ఇక జన్మంతా అరుగే.

అట్లాంటి రోజుల్లో ఆమెకు ఆ డిక్షనరీ కనిపించింది. ఎక్కడంటారు? సేటు కిరాణా దుకాణంలో, పొట్లాలు కట్టే కాగితాల కుప్పలో. సేటు మద్నూరు దిక్కువాడు, మాటల మధ్య మరాఠీ దొర్లేది. బదిలీ మీద పోతూ ఎవరో ఆఫీసరు పాత కాగితాలన్నీ అతనికి తూకానికి అమ్మిపోయాడట. వాటిలో ఇటుకంత లావు ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి. మాటకు మాట ఇంగ్లీషులోనే అర్థం రాసినది. సేటు ముందు అట్ట పీకేసి, మొదటి పేజీ నుంచి శ్రద్ధగా చింపుకుంటూ వస్తున్నాడు.

"కాయ్ ఝాలా? ఎందుకట్ల సూస్తవ్?" అన్నాడు చిన్నమ్మను. "ఇంగ్రేజీ కాగితం మస్తు గట్టిగుంటది పోరీ. కారం గట్టినా కారదు."

"సేటూ, గది సింపకు. నాకియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు మొక్కితె నా పొట్లాలెట్ల? తూకానికి తూకం తెచ్చియ్యి, తీస్కపో."

చిన్నమ్మ ఇంటికి ఉరికొచ్చి తన పదో తరగతి పుస్తకాలు, నోటుబుక్కులు, గోడకు వేలాడే పోయినేటి క్యాలెండరు అన్నీ మూటగట్టింది. త్రాసులో ఒకవైపు ఆమె చదువంతా, ఒకవైపు ఆ చిరిగిన డిక్షనరీ. నేను పక్కనే నిలబడి ముల్లు వంకే చూశాను. ఇంకా కొంచెం తక్కువైతే, చిన్నమ్మ కాళ్లకున్న అట్టచెప్పులు కూడా పెట్టేటట్టు ఉంది. సేటు నవ్వి, చాల్లే పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి తెరిస్తే తెలిసింది. లోకంలో అందరి డిక్షనరీలూ ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలవుతాయి, మాది "లాసిట్యూడ్"తో మొదలైంది. దాని ముందువన్నీ ఊళ్లోకి పోయాయి. చిన్నమ్మ తల పట్టుకుంది.

"నెత్తురు లేదు, బొక్క లేదు, దగ్గు లేదు, జెరం లేదు! నర్సుకు కావాల్సినయన్ని ముందటి సగంలనే ఉంటయక్కా. ఊరంత తిని కూసున్నది!"

అమ్మ ఆకు కోస్తూ తల ఎత్తకుండానే అంది. "కాగితాన్ని ఎవలు తింటరే? పొట్లాలు ఇంకా ఇండ్లల్లనే ఉంటయి. అడుక్కొస్తే పోలే?"

ఆ మాటతో నాకు ఉద్యోగం వచ్చింది. వేసవి సెలవులు, బడి లేదు. పొద్దున అంబలి తాగి బయటపడితే మళ్లీ ఆకలేసినప్పుడే ఇల్లు. సేటు దగ్గర ఎవరెవరు సామాను తీసుకుంటారో నాకు కంఠతా వచ్చేది. గడప దగ్గర నిలబడి, "పెద్దవ్వా, మీ ఇంట్ల ఇంగ్లీషు కాగితమున్నదా?" అని అడిగేదాన్ని. కొందరు నవ్వి ఇచ్చేవాళ్లు. కొందరు కుక్కను ఉసిగొల్పేవాళ్లు. ఒకావిడ పసుపు పొట్లం ఇంకా ఖాళీ కాలేదు, వారం ఆగి రమ్మంది. వారమెక్కడ ఆగేది? ఆవిడ బావి దగ్గరికి పోగానే దూరి, పసుపును చక్కెర డబ్బాలోకి ఒంపి, కాగితం లంగాలో దోపుకుని పారిపోయి వచ్చాను. సాయంత్రం ఆవిడ ఇంటి చాయ్ పచ్చగా వచ్చిందట. అవ్వ నా వీపు మీద బీడీ చాట తిరగేసి వాయించింది. కానీ ఆ పేజీలో జ్వరం దొరికింది! చిన్నమ్మ నన్నెత్తుకుని గిరగిరా తిప్పింది.

ఒక్కో పేజీకి ఒక్కో వాసన. నెత్తురు అన్న మాట ఇంగువ వాసన వేసేది. ఎముక బెల్లం పొట్లంలో వచ్చింది. దాని మీద చీమలు పాకుతుంటే ఊదుకుంటూ చదివేది చిన్నమ్మ. దగ్గు ఉన్న పేజీ, చెబితే నమ్మరు, మిరపపొడి పొట్లం. విప్పగానే అరుగంతా దగ్గింది. బస్టాండు దగ్గర హోటల్లో బజ్జీలు కట్టిచ్చిన పేజీలు నూనె పట్టి అద్దంలాగా అయ్యేవి. ఎండకు ఎత్తి పట్టుకుంటే ఇవతలి మాటలూ అవతలి మాటలూ ఒకదాని మీద ఒకటి కనిపించేవి. నేను వాటిని కళ్లకు అడ్డం పెట్టుకుని ఊరంతా చూసేదాన్ని. మేకలు, తాత, చింతచెట్టు కింద ఈతపండ్ల గంప, అన్నీ పసుపుపచ్చని వెలుగులో మెల్లగా కదిలేవి, వాటి మీదుగా ఇంగ్లీషు అక్షరాలు నడిచిపోయేవి. ఆ వేసవి నాకు ఇప్పటికీ ఆ కాగితంలోంచే కనిపిస్తుంది.

పేజీలు సగం దాకా చిరిగి వచ్చేవి. మాట ఉండేది, అర్థం సగంలో తెగిపోయేది. నిండు పేజీలైతే చిన్నమ్మ గడగడా బట్టీ పట్టేది. చిరిగినవాటితోనే గొడవ. అందుకని మధ్యాహ్నం అరుగు మీద వాటిని విప్పేది. ఉన్న ముక్కను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, తక్కిన ముక్క ఏమై ఉంటుందో చెప్పమని ఆడవాళ్లను అడిగేది. వాళ్లు తేల్చినదాన్ని తిరిగి తన ఇంగ్లీషులో కూర్చుకునేది. చుట్టే చేయి ఆగకూడదు, మాట్లాడే నోరు ఆగకూడదు. అదీ మా అరుగు చదువు.

ఒకరోజు "హస్బెండ్" వచ్చింది. పెళ్లైన మగవాడు, ఎవరికి సంబంధించి అంటే, అని అక్కడికి చిరిగిపోయింది.

"ఎవలికి సంబంధించి ఏంది? కల్లు కాంపౌండుకు," అన్నది అవ్వ.

అరుగంతా గొల్లుమంది. లోపల నులకమంచం మీద తాత గట్టిగా దగ్గాడు. ఎవరో, "రాసుకో పిల్లా, పండేతందుకు ఇంటికచ్చేటోడు" అన్నారు. నవ్వులు ఆగాక అందరికీ మా అమ్మ గుర్తొచ్చి, ఎవరి చాటలోకి వాళ్లు చూసుకున్నారు. అమ్మ మాత్రం బీడీ మూతి మడుస్తూ, "ఏందే, నా మొగడు సచ్చినట్టు అందరు నోర్లు మూసుకున్నరు? రాసుకోండ్రి, తొవ్వ మర్సిపోయెటోడు" అని ముందుగా తనే నవ్వింది. మా అమ్మ అట్లాంటిది. జాలి చూపించే సందు ఎవరికీ ఇచ్చేది కాదు.

ఇంకోరోజు "గ్రీఫ్". లోతైన దుఃఖం, ముఖ్యంగా దేనివల్ల కలిగేదంటే, అని తెగిపోయింది. సావు వల్ల అన్నది అవ్వ. పంట ఎండితే అన్నారొకరు. బిడ్డను అత్తగారింటికి తోలితే అన్నారింకొకరు. పెద్ద లొల్లి లేచింది. ఎవరి దుఃఖం పెద్దదో తేలడం లేదు. అమ్మ దారం పంటితో తెంపి చెప్పింది.

"మనదైతదనుకున్నది, సేతిదాక అచ్చి, పక్కకెళ్లి పోతది సూడు. దాంతోని."

చిన్నమ్మ దాన్ని ఇంగ్లీషులో కూర్చడానికి చాలాసేపు తంటాలు పడింది. ఒక మాట పెడితే ఇంకోటి జారిపోతోంది. అమ్మ పక్కకు జరిగి ఆ కాగితం ముక్క వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె చాటలో ఆకు ఎండిపోతున్నా చూసుకోలేదు. చిరిగిన అర్థాలన్నిటినీ చివరికి కుదిర్చింది అమ్మే. సాయంత్రాలు రొట్టెలు కాలుస్తూ కూడా, "అది గట్లనో కాదో మల్లొకపారి సదువు" అని చిన్నమ్మను అడిగేది. పొయ్యి ముందు జొన్నరొట్టె పొంగుతుంటే ఇద్దరూ మాటలు అప్పజెప్పుకునేవాళ్లు. నేను రొట్టెలో పచ్చి మామిడి తొక్కు పెట్టుకుని నాకుతూ వినేదాన్ని. చాలాసార్లు అమ్మే ముందు చెప్పేది.

తాత మాత్రం, "ఇంగ్లీషు సదివితె వానలు పడ్తయా?" అని రోజూ సణిగేవాడు. ఒక పొద్దుమూకి కల్లు తాగి వచ్చి, తలపాగా విప్పి, మడతలోంచి ఉడికిన శనగలు కట్టిన కాగితం తీశాడు. శనగలు నా చేతిలో పోసి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసి చిన్నమ్మ ముందు పెట్టాడు. "గిది మీదేనా సూడు. కాకుంటే పొయ్యిల పెట్టు," అని అటు తిరిగి పడుకున్నాడు. అది మాదే. చిన్నమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

మృగశిర దగ్గరపడ్డాక, ఒక తెల్లవారి కామారెడ్డి బస్సెక్కాం. చిన్నమ్మ, తోడుగా అమ్మ, ఏడ్చి సాధించుకుని నేను. గుడ్డలో రొట్టెలు, తొక్కు. లింగంపేట దాటాక అడవి గాలి కిటికీలోంచి చల్లగా తగిలింది. చిన్నమ్మ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. కామారెడ్డిలో దిగగానే ఊరంతా బెల్లం వాసన. నాకు ఆ వాసనతో ఎముక గుర్తొచ్చి పకపకా నవ్వాను. చిన్నమ్మ నవ్వలేదు.

దవాఖాన వరండాలో అమ్మ కూర్చుంది. నేను కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూశాను. డాక్టరమ్మ తెల్లచీర, నెరిసిన జుట్టు, కళ్లజోడు మీదుగా చూపు. వాళ్లు ఇంగ్లీషులో ఏం మాట్లాడుకున్నారో నాకు అప్పుడు తెలియదు. చిన్నమ్మ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది కాబట్టి నేనూ విన్నట్టే ఉంటుంది.

జ్వరమంటే ఏమిటని అడిగింది డాక్టరమ్మ. చిన్నమ్మ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నెత్తురు అడిగింది. చెప్పింది. ఈసారి మాట వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ "కంఫర్ట్" అంటే ఏమిటంది. చిన్నమ్మకు ఆ మాట తెలియనిదేం కాదు. బడిలో వినే ఉంటుంది. కానీ మా ఇంట్లో ఆ వేసవంతా మాట రావడమంటే దాని పేజీ చేతికి రావడమే. పేజీ దొరకని మాటకు అర్థం చెప్పడం ఆమెకు దొంగతనంలా తోచింది. నిటారుగా నిలబడి, ఇంగ్లీషులోనే, "మేడమ్, ఆ పేజీ మాకింకా దొరకలేదు" అన్నది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. ఏ పేజీ అని అడిగింది. చెప్పక తప్పలేదు. చిన్నమ్మ మొదలుపెట్టింది. సేటు, తూకానికి తూకం, కారం పొట్లం, పచ్చటి చాయ్, నా వీపు మీద చాట, అన్నీ. మాటలు తెగుతున్నాయి, అతుకుతున్నాయి. తెగిన చోటల్లా ఆమె ఆగకుండా ఇంకో మాట వెతికి పెడుతోంది. రోజూ అరుగు మీద చేసిన పనే కదా! నేను కిటికీలోంచి చూస్తుండగానే డాక్టరమ్మ బల్ల మీద చేయి కొట్టి నవ్వింది. పక్కగదిలోని సిస్టరును పిలిచి, "ఇది విను, ఇది విను" అన్నది. చిన్నమ్మకు తను ఇంగ్లీషు మాట్లాడుతున్నట్టు అప్పటికీ తెలియదు.

"పేజీ చిరిగితే ఏం చేస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా అక్క పూర్తి చేస్తుంది మేడమ్. బయట కూర్చుంది."

"ఇక్కడ మీ అక్క ఉండదు. నువ్వే పూర్తి చెయ్యి."

చిన్నమ్మ కిటికీ వైపు చూసింది. నేను పళ్లికిలించాను. ఆమె, "జ్వరంతో పడుకున్న మనిషి అడగకముందే తలకింది దిండును చల్లటి వైపుకు తిప్పడం" అన్నది. నాకు ఆటలమ్మ పోసినప్పుడు అమ్మ చేసింది అదే. డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. వచ్చే నెల మొదట్లో బట్టలు సర్దుకుని రమ్మంది.

తిరుగు బస్సులో మబ్బు పట్టింది. చిన్నమ్మ ఒకటే వాగుడు. అమ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని కిటికీ అవతలికి చూస్తోంది. నేను నిద్రపోయాననుకున్నారు. చాలాసేపటికి అమ్మ మెల్లగా అడిగింది.

"నా అసొంటోల్లను గూడ తీస్కుంటరానే?"

చిన్నమ్మ అక్క వైపు తిరిగింది. "పది పాసు గావాలె అక్కా. నువ్వు తొమ్మిదిల ఉండంగ పెండ్లి జేసిరి గద."

"పది ప్రైవేటుగ గట్టచ్చట గద. వచ్చే ఏడు గడ్తే?"

"కట్టు అక్కా! నేను పది సదివిన గద. నీకు నాకంటె ఎక్కువ వచ్చు. ఒట్టు!"

నా తల కింద అమ్మ తొడ సన్నగా అదురుతోంది. కాలు ఊపుతోంది, చిన్నపిల్లలాగా. ఆమె అట్లా కాలు ఊపడం నేనెప్పుడూ చూడలేదు. ఆ ఊపుకు నాకు నిజంగానే నిద్ర పట్టింది. అద్దాల మీద మొదటి వాన చినుకులు పడుతున్న చప్పుడు నిద్రలోనే విన్నాను.

ఇంటికి వచ్చేసరికి టేకేదారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సీటు వచ్చిందని వినగానే తాత చిన్నమ్మ తల నిమిరాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నేల వంక చూస్తూ, "సంతోషమే బిడ్డా. గని ఇద్దరు చుట్టెటోల్లల్ల ఒకలు పోతే, ఇల్లెట్ల నడుస్తది? మీ అవ్వకు కండ్లు మసకలైతున్నయి, ఆమె కార్డు ఇగ ఎన్నొద్దులు?" అన్నాడు. ఆయన కాదని అనలేదు. ఔననడానికి దారి దొరకక అడిగాడు. టేకేదారు ఈరోజు పేరు చెప్పకపోతే కార్డు పక్కింటికి పోతుందన్నాడు.

అమ్మ అప్పుడే రొట్టెల గుడ్డ విప్పి దులుపుతోంది. దాన్ని నాలుగు మడతలు వేసి, చంకలో పెట్టుకుని, "కార్డుల నా పేరు రాయండ్రి" అంది.

"అక్కా, నువ్వు పరీచ్చ కడ్తనంటివి గద!"

"కడ్త తియ్యే. పరీచ్చ యాడికి పోతది? నువ్వు ముందు పో."

టేకేదారు రాసుకున్నాడు. అమ్మ వేలిముద్ర వేయలేదు, సంతకం చేసింది. తెలుగులో కాదు, ఇంగ్లీషులో, అక్షరాలు విడివిడిగా పెట్టి. టేకేదారు దాన్ని చూసి, మళ్లీ అమ్మ వంక చూసి, కాగితం మడుచుకుని వెళ్లిపోయాడు. వాన పెద్దదైంది. అరుగు మీద ఆకు తడవకుండా అందరం లోపలికి మోశాం.

చిన్నమ్మ నర్సైంది. పెద్ద సిస్టరైంది. ఈ జిల్లాలో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ల పిల్లలకు కూడా పిల్లలున్నారు. నన్ను కామారెడ్డికి తెచ్చి చదివించింది, పెళ్లి చేసింది. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా, "నాకు సీటిచ్చింది డాక్టరమ్మ గాదే, మీ అమ్మ" అంటుంది. ఆమె అన్నది నిజమే. ఆ నిజం వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో తెలియదు. తాత మీద కాదు, చిన్నమ్మ మీద అసలే కాదు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం అమ్మ వచ్చే ఏడు కడతానన్నది. తర్వాత అనడం మానేసింది. చూపు ఆనినంత కాలం చుట్టింది, తంబాకు ఆమె ఛాతీలో చేరింది. చివరి రోజుల్లో చిన్నమ్మ ఇంట్లోనే, చిన్నమ్మ చేతుల్లోనే పోయింది.

మనవరాలికి ఇదంతా చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి విన్నది. "మరి ముత్తవ్వకు ఎన్ని మాటలొచ్చేవి అమ్మమ్మా?" అని అడిగింది.

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరు చదువుకున్నారు. ఒక్కరినే అడిగారు.